పసుపురంగు మాత్ర

నిన్ను విడిపించే కాగితం దొరికిందని చెబితే, దాన్ని ఎవరికీ చూపించొద్దని బతిమాలే ముద్దాయిని రోజారమణి అంతవరకూ చూడలేదు. పోలీసు కొలువులో ఉండగా చూడలేదు, అది వదిలేసి గాజువాకలో సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచాకా చూడలేదు. దొంగసాక్ష్యం పుట్టించమని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళు చాలామంది తగిలారు. నిజం సాక్ష్యాన్ని చింపేయమని చేతులు జోడించింది మాత్రం ఈ ఒక్క పిల్లే.

పిల్ల పేరు హేమశ్రీ. ఆటోనగర్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సు. కన్నతండ్రికి ఇన్సులిన్ సూది పొడిచి చంపిందని కేసు. తండ్రి చలమయ్య తీరాంధ్ర రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. సుగరు జబ్బు లేని మనిషి. అయినా మూడు నెలలుగా ఉన్నట్టుండి రక్తంలో చక్కెర పడిపోయి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయేవాడు. శనివారం ఇంట్లో పడ్డాడు, ఆదివారం తెల్లవారకముందే ఆసుపత్రిలో పోయాడు. మంగళవారం సాయంత్రం సీఐ దేవీప్రసాద్ వచ్చి కూతుర్ని జీపెక్కించాడు.

ఇవాళ బుధవారం. మూడింటికి కోర్టులో పెడతారు, రిమాండు ఖాయం. ఇంట్లో మిగిలింది తల్లి గురువమ్మ ఒక్కతే. మొగుడి పదోరోజైనా కాకుండా కూతురు జైలుకెళితే ఆ మనిషి బతికి బట్టకట్టదని, ఏదో ఒకటి చెయ్యమని పక్కింటి నారాయణమ్మ పొద్దున్నే రోజారమణి ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చుంది.

రోజారమణి ముందు చలమయ్య పోయిన ఆసుపత్రికి వెళ్ళింది. చలమయ్యకి ఆఖరున వైద్యం చేసిన డాక్టరు శ్రీసత్య గట్టిపిండం. రోగిని తెచ్చిన నిమిషంలో తీసిన రక్తంలో కొంత జాగ్రత్తగా దాచి, అనుమానం కొద్దీ పై ల్యాబుకి పంపింది. దాని రిపోర్టు ఆ ఉదయమే వచ్చింది. అది పట్టుకుని స్టేషనుకొచ్చి, హేమశ్రీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది రోజారమణి.

మొదట శనివారం నాటి వేళలు అడిగింది. పిల్ల తడుముకోకుండా చెప్పింది. నైటు డ్యూటీ దిగి తొమ్మిదింటికి ఇంటికొచ్చింది. పదకొండు దాటాక తండ్రి స్నానానికి లేచి గుమ్మంలో పడిపోయాడు. వేలు గుచ్చి చూస్తే చక్కెర ముప్ఫై ఎనిమిది. సంచిలో ఉన్న గ్లూకోజు సిరంజిలోకి తీసి చేతి నరానికి ఎక్కించింది. కిటికీలోంచి వీధి జనం చూసిన సూది అదే. సంచిలో పోలీసులకి దొరికిన ఇన్సులిన్ సీసా, కాలనీలో ముసలివాళ్ళకి తను రోజూ వేసిపెట్టే మందు. గ్లూకోజు ఎక్కగానే తండ్రి కళ్ళు తెరిచాడు, పేరు పెట్టి పిలిచాడు, చక్కెర నూటపది చూపించింది. ఆ రోజు తోటి నర్సు రాలేదంటే ఒంటిగంటకి మళ్ళీ డ్యూటీకి పోయింది. సాయంత్రం దీపాలవేళ తల్లి లేపబోతే తండ్రి లేవలేదు.

"ఒంటిగంట నుంచి దీపాలవేళ దాకా మీ నాన్న ఏం తిన్నాడు?" అని అడిగింది రోజారమణి.

అంతదాకా గడగడా సాగిన నోరు అక్కడ ఆగింది. హేమశ్రీ చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. తెలీదంది.

చక్కెర ముప్ఫై ఎనిమిదికి పడిన తండ్రి ఆ తర్వాత అన్నం తిన్నాడో లేదో నర్సు కూతురికి తెలీదట. ఇలాంటి అబద్ధాన్ని పట్టుకోడానికి డిటెక్టివు అక్కర్లేదు, ఇంటి పనిమనిషి చాలు. రోజారమణి పట్టించుకోనట్టే రిపోర్టు మడత విప్పింది. మన ఒంట్లో ఇన్సులిన్ ఊరినప్పుడల్లా దాంతోపాటు సి-పెప్టైడ్ అనే ఇంకో పదార్థం కూడా ఊరుతుంది. సీసాలోని ఇన్సులిన్ సూదితో ఎక్కిస్తే చక్కెర పడిపోతుంది గానీ ఈ రెండోది పెరగదు. చలమయ్య రక్తంలో రెండూ మెండుగా ఉన్నాయి. అంటే ఆ ఇన్సులిన్ సీసాది కాదు, అతని ఒంట్లోంచే వచ్చింది. లోపల కణితి ఏమైనా ఉందా అని మూడు నెలలుగా తీసిన స్కానింగుల్లో ఏమీ కనబడలేదు. ఇంక మిగిలిన దారి ఒకటే, ఇన్సులిన్ని కొరడా పెట్టి కొట్టినట్టు బయటికి తోలే సుగరు మాత్ర. ఏ సూదిని పట్టుకుని సీఐ కేసు కట్టాడో ఆ సూదికీ చావుకీ సంబంధం లేదు.

ఇదంతా నర్సుకి విడమరచి చెప్పనక్కర్లేదు. సగంలోనే అర్థమైపోయింది. మొహం వెలగాల్సింది పోయి తెల్లగా పాలిపోయింది.

"మేడం, ఆ కాగితం సీఐ గారికి సూపించకండి. నాను జైలుకెల్తాను. నాకేటీ పర్వాలేదు."

"ఎవర్ని కాపాడుతున్నావమ్మా? మీ అమ్మనా?"

హేమశ్రీ చేతులు జోడించింది, అంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది వ్యవహారం. గురువమ్మకి సుగరు జబ్బుంది, ఆ మాత్రలు వేసుకుంటుందని నారాయణమ్మ పొద్దున్నే చెప్పింది. మాత్రలున్న ఇల్లు ఒకటే, మాత్రలున్న మనిషీ ఒక్కతే. కూతుర్ని విడిపించడానికి కాళ్ళరిగేలా తిరిగి చివరికి తల్లిని పట్టించాలా అనుకునేసరికి రోజారమణికి నోరు చేదయింది.

చేదైనా సరే, కాగితం దాచే రకం కాదామె. తిన్నగా సీఐ గదిలోకి పోయి బల్ల మీద పెట్టింది.

దేవీప్రసాద్ బెజవాడ వైపు మనిషి. తండ్రి ఓడరేవులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొత్తగా ఎస్సై అయినప్పుడు రోజారమణి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆమె పై అధికారితో తగాదా పడి కొలువు వదిలేస్తే, ఇతను అదే అధికారి మాట వింటూ మెట్టుమెట్టుగా పైకొచ్చాడు. తెలివి తక్కువవాడేం కాదు, తొందరెక్కువ. రిపోర్టు రెండుసార్లు చదివి, దాన్ని ఆమె వైపే నెట్టాడు.

"సూది పోయి మాత్ర వచ్చింది, అంతే కదా మేడం. ఆ మాత్ర నీళ్ళల్లో కలిపి ఇచ్చింది నర్సు కూతురు కాకూడదా?"

"ఎందుకిస్తుంది?"

అతను అదేపనిగా ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టున్నాడు. మిల్లులో ఒక రూలుంది. పని చేస్తూ ఉండగా జబ్బు చేసి, డాక్టర్ల బోర్డు ఇక పనికిరాడని రాసిస్తే, ఆ మనిషి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. చలమయ్యకి ఆ బోర్డు మొన్న సోమవారం జరగాల్సింది, దానికోసం శనివారం మధ్యాహ్నం మిల్లు డాక్టరు ఆఖరి రక్తపరీక్ష పెట్టాడు. డిస్పెన్సరీలో నర్సు పోస్టు ఖాళీగా ఉంది. కాంట్రాక్టులో ఏళ్ళతరబడి నలుగుతున్న పిల్లకి పర్మనెంటు ఉద్యోగం కళ్ళముందు కనబడుతోంది. తండ్రిని రోగిష్టిని చెయ్యాలని మొదలుపెట్టి, ఆఖర్న చెయ్యి జారింది. ఇదీ అతని లెక్క.

లెక్క వినడానికి బాగానే ఉంది. రోజారమణి దాన్ని కాదనలేదు, ఇల్లు చూడాలంది. సీలు వేసింది తనే కాబట్టి తనూ వస్తానన్నాడు దేవీప్రసాద్. మూడింటిలోపు తిరిగి రావాలని గోడ గడియారం వైపు చూపించాడు. అప్పుడు పన్నెండున్నర.

మిల్లు క్వార్టర్సులో చివరి వరసలో ఉంది ఇల్లు. రెండు గదులు, వెనక చిన్న పెరడు. ఇల్లు సీలు చేశాక గురువమ్మని నారాయణమ్మ తన ఇంటికి తీసుకుపోయింది. తాళం తీస్తుంటే ఆవిడే గోడ పక్కనుంచి వచ్చింది. గురువమ్మ ఏం చేస్తోందని రోజారమణి అడిగితే, పడుకుందంది.

ముందు గదిలో చలమయ్య పడుకున్న నవారు మంచం గోడవారగా అలాగే ఉంది. రోజారమణి మంచాన్నీ, కిందా, దిండు గలేబులోనూ చూసింది. ఏమీ లేదు. వంటగదిలో గూట్లో గురువమ్మ మాత్రల డబ్బా, వెనకటి బిస్కెట్ల డబ్బా. అందులో ఒకే రకం తెల్లమాత్రల అట్టలు, డాక్టరు చీటీ. పొద్దున్న ఒకటి అని మొదట రాసి, దాన్ని కొట్టేసి, పొద్దున్న రెండు అని పైన దిద్దారు. చక్కెర తగ్గకపోతే నెలక్రితం డాక్టరు పెంచాడని నారాయణమ్మ చెప్పింది. మాత్రలు వేసుకుంటున్నా గురువమ్మ ఒంట్లో చక్కెర ఎక్కుతూనే ఉందట. అదే ఇంట్లో మాత్రలు వేసుకోని మొగుడి ఒంట్లో పడిపోతూ ఉందన్నమాట. రోజారమణి ఆ రెంటినీ మనసులో పక్కపక్కన పెట్టుకుని చీటీ మడిచింది.

దేవుడి గూట్లో సింహాద్రి అప్పన్న పటం. పటం కొక్కేనికి పసుపుగుడ్డలో కట్టిన ముడుపు వేలాడుతోంది. కొత్తది, పసుపు ఇంకా చేతికి అంటుతోంది. ఎవరు కట్టారని అడిగింది.

"గురువమ్మే కట్టినాదమ్మా. మొగుడు ఊరికే పడిపోతన్నాడని బెంగెట్టుకుని. తగ్గితే కొండకి తీసుకొస్తానని మొక్కీసి, ఆయన సేత శనోరం శనోరం ఒక్కపొద్దు ఉంచినాది. దీపం ఎట్టేక గానీ ముద్ద ముట్టకూడదు."

"చలమయ్య ఒప్పుకున్నాడా?"

"ముందు వద్దన్నాడు, కసురుకున్నాడు. ఈ మడిసి ఏడుపు పడలేక ఊరుకున్నాడు."

దేవీప్రసాద్ గుమ్మంలో నిలబడి సెల్లు చూసుకుంటున్నాడు. మొక్కులూ ముడుపులూ చార్జిషీటులోకి రావన్నట్టుంది అతని వాలకం. రోజారమణి తలుపు వెనక్కి పోయింది. అక్కడ చలమయ్య డ్యూటీ సరంజామా ఉంది. మేకుకి యూనిఫారం, కింద ఇనప ముక్కు బూట్లు, పైన పచ్చటి హెల్మెట్టు. హెల్మెట్టు దించి లోపలి పట్టీ వేలితో తడిమింది. పట్టీకీ డొప్పకీ మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఇరికించి ఉంది. మూత తీస్తే పసుపురంగు మాత్రలు.

దేవీప్రసాద్ రెండంగల్లో వచ్చి సీసా లాక్కున్నంత పని చేశాడు. వెలుగులో పెట్టి పేరు చదివాడు, ఉసూరుమన్నాడు. అవి బి-కాంప్లెక్సు మాత్రలు. బలానికి వేసుకునేవి, ఏ మందుల షాపులో అడిగినా చీటీ లేకుండా ఇచ్చేవి.

"కొండని తవ్వి ఎలకని పట్టారు మేడం. పదండి, టైమవుతోంది."

రోజారమణి కదల్లేదు. విషమైతే దాచాడంటే అర్థముంది. బలం మాత్ర కిటికీలో పెట్టుకున్నా అడిగేవాడు లేడు. పెళ్ళాం కంటా కూతురి కంటా పడకుండా దాన్ని హెల్మెట్టులో దాచుకోవాల్సిన ఖర్మ ఈ మనిషికి ఎందుకు పట్టింది?

"నారాయణమ్మా, ఈ పసుపురంగు మాత్ర ఎప్పుడైనా చూశావా?"

"గురువమ్మ మాత్రే గదా అది. నిన్న రాత్రీ అడిగినాది, పొద్దున్నా అడిగినాది. మా ఆయన రోజూ పసుపు మాత్రలిచ్చీవోడు, నువ్వు తెల్లవి ఇత్తన్నావేటే అని. దానికి సదువు రాదమ్మా, మాత్రలెప్పుడూ ఆయనే సేతిలో ఎట్టీవోడు. ఇల్లు సీలెయ్యకముందే నాను సీటీ సూసి ఒక అట్ట తెచ్చుకున్నాను, సీటీలో పసుపుది లేదు. సీటీలో ఉన్నట్టే తెల్లవి రెండు ఇచ్చినాను."

రోజారమణికి నడినెత్తిన ఎవరో మొట్టినట్టయింది. చలమయ్య పెళ్ళాం మాత్ర తను మింగుతూ, పెళ్ళాం చేతిలో బలం మాత్ర పెడుతూ వచ్చాడు. నర్సు కూతురు నైటు డ్యూటీ దిగి వచ్చేసరికి తొమ్మిది, చూసేవాళ్ళు లేరు. అసలు మందు కడుపులో పడక గురువమ్మకి చక్కెర ఎక్కింది. ఎక్కిందని డాక్టరు మందు రెట్టింపు చేశాడు. ఆ రెట్టింపు మందు ఇన్నాళ్ళూ ఆమె నోట్లో పడనే లేదు.

"పొద్దున్న రెండూ మింగిందా?"

"దగ్గరుండి మింగించినాను. హేమ జీపెక్కుతా మరీ మరీ సెప్పినాది, అమ్మకి మాత్రలు మానిపించకండి అని."

"ఏం తింది?"

"ఏటి తింటాదమ్మా. ఆదోరం నుంచి మంచినీల్లే. గుంట టేసన్లో ఉంటే నాకు ముద్దెలా దిగుద్దంటాది. మూడ్రోజులై కన్ను మూయనేదు, పాపం ఇయాల మంచి నిద్ర పట్టినాది. లేపకండా ఒగ్గీసినాను."

శనివారం చలమయ్యని కూడా ఇలాగే, పాపం నిద్రపోతున్నాడని వదిలేశారు. రోజారమణి హెల్మెట్టు కింద పడేసి పరిగెత్తింది.

పక్కింటి వసారాలో చాప మీద గురువమ్మ పక్కకి ఒరిగి ఉంది. జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది, నుదురు చల్లగా ఉంది, పెదాలు ఏదో గొణుగుతున్నాయి గానీ మాట తెలియడం లేదు. భుజం పట్టి కుదిపితే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసింది. నారాయణమ్మ గొల్లుమని చెంబుతో నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయింది. రోజారమణి చెంబు తోసేసింది. మింగే తెలివి లేని మనిషికి నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పంచదార తెమ్మని, వేలు తడిచేసుకుని అద్ది, బుగ్గల లోపలా చిగుళ్ళ మీదా కొంచెం కొంచెంగా రాస్తూ కూర్చుంది. దేవీప్రసాద్ అప్పటికే అంబులెన్సుకి ఫోను చేసి, వీధి గుర్తులు చెబుతున్నాడు. ఆ మాట మాత్రం అతని గురించి చెప్పుకోవాలి, మనిషి పోతుంటే చూస్తూ నిలబడే రకం కాదు.

ఫోను పెట్టేశాక మాత్రం మళ్ళీ పోలీసయ్యాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"మాత్రలు మానిపించొద్దని చెప్పిందెవరు? కూతురే. తండ్రయ్యాడు, ఇప్పుడు తల్లి. మేడం, మీరు పిలవని పేరంటానికొచ్చి నా కేసు ఇంకా గట్టి చేశారు."

రోజారమణికి ఒళ్ళు మండింది. మర్యాదగా మీరనడం కూడా మరిచిపోయింది.

"కళ్ళు తెరువు ప్రసాద్. పొద్దున్నపూట ఈవిడ చేతిలో మాత్ర పెట్టింది ఎవరు? మొగుడు. హెల్మెట్టు ఎవరిది? మొగుడిది. ఉద్యోగం కూతురికి రావాలని మంచం పట్టాలనుకున్నదీ అతనే. ఆ పిల్లకి అమ్మ చేతిలో పడేది పసుపు మాత్రని తెలిస్తే, ఆ మందు మానొద్దని చెబుతుందా? నాన్న ఎక్కడో అమ్మ మాత్రలు నాలుగు తీసుకున్నాడనుకుంది, అంతవరకే తెలుసు దానికి."

"మూడు నెలలు మింగి బతికినవాడు, శనివారమే ఎందుకు పోయాడు?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. జవాబు కూడా ఆమె నాలిక మీద ఉంది. ఒకప్పటి శిష్యుడు ఓడిపోతున్నాడని తెలుస్తూనే ఉంది, గెలుపు రుచి తగిలిన గొంతు తగ్గదు.

"మిగతా రోజుల్లో మాత్ర వేసుకుని చద్దన్నమో ఇడ్లీయో తినేవాడు. కళ్ళు తిరిగేవి, కూలబడేవాడు, ఒక అరటిపండు తింటే లేచేవాడు. అతనికి కావలసింది అంతే. సోమవారం బోర్డు కదా, శనివారం మధ్యాహ్నం మిల్లు డాక్టరు ఆఖరి రక్తపరీక్ష పెట్టాడని నువ్వే చెప్పావు. ముందు శనివారాల్లో మాని ఉంటాడు, ఆ రోజు మాత్ర మానలేడు. ఆ రోజే ఒక్కపొద్దు. ఖాళీ కడుపున మింగాడు. కూతురిచ్చిన గ్లూకోజు గంటో రెండు గంటలో ఆపుతుంది, మాత్ర రోజంతా లాగుతుంది. అప్పుడు పిడికెడు అన్నం కడుపులో పడితే ఆసుపత్రికి పోయేదాకా నిలబడేవాడు. మొక్కు ఉంది, పెట్టలేదు. ఆ పిల్ల నోరెందుకు మూసుకుందో ఇప్పటికైనా అర్థమైందా? జైలుకి పోవడానికి సిద్ధపడింది గానీ, అమ్మా, నీ మొక్కే నాన్న ప్రాణం తీసిందని చెప్పడానికి దానికి నోరు రాలేదు."

దేవీప్రసాద్ ఆమె వైపు చూడటం లేదు. అతని చూపు చాప మీదికి దిగింది.

రోజారమణి తలదించి చూసింది. గురువమ్మ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎప్పుడు తెరుచుకున్నాయో తెలీదు. బుగ్గలోని పంచదార కరిగి పెదవి చివర అంటుకుంది. కళ్ళల్లో మగత లేదు. అంతా విన్న కళ్ళవి.

కూతురు నాలుగు గోడల మధ్య పడి ఉండైనా సరే తల్లి చెవిన పడనివ్వకూడదనుకున్న మాటని, తను నడివసారాలో, గొంతు చించుకుని, పాత శిష్యుడి మీద గెలవడానికి చెప్పేసింది. రోజారమణికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఏదో అనబోయింది. ఇది నీ తప్పు కాదమ్మా అందామనుకుంది. ఈలోపే గురువమ్మ మాట్లాడింది.

"శనోరం నాడు అన్నం అడిగాడమ్మా."

నారాయణమ్మ ఊరుకోమని నుదురు నిమరబోతే, గురువమ్మ ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"గుంట డూటీకి ఎల్లిపోనాక మెలకువొచ్చినాది. కొంచెం ఎట్టీయే గురువమ్మా, నీరసంగా ఉన్నాది అన్నాడు. దీపం ఎట్టీదాకా ఆగు, మొక్కు పాడైపోద్ది అన్నాను. ఆకలి ఓర్సుకోలేవా, అంత కక్కుర్తేటి అన్నాను. ఇంకేటీ అన్నేదు. అటేపు తిరిగి తొంగున్నాడు."

మాత్ర సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె ఉన్న అన్నమంతా వడ్డించి ఉండేది. చెబితే కూతురికి రావలసిన ఉద్యోగం పోతుంది. అతను చెప్పలేదు. ఈ సంగతి కూతురికి కూడా తెలీదు, తెలిసే దారి కూడా లేదు. ఆ గదిలో ఉన్నది వాళ్ళిద్దరే.

గురువమ్మ మోచేతి మీద లేవబోయి, చేతకాక మళ్ళీ ఒరిగింది. తల తిప్పి ఖాకీబట్టల కోసం వెతికి, దేవీప్రసాద్ మొహం మీద కళ్ళు నిలిపింది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అంగట్లో సరుకు మార్చుకునే మనిషిలా నిమ్మళంగా అడిగింది.

"అన్నం ఎట్టనిది నాను, బాబూ. నా పేరు రాసుకో. నా గుంటని ఒగ్గీ."

దేవీప్రసాద్ చేతిలో పుస్తకం తెరిచే ఉంది. అతను కలం మూత పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. రోజారమణి ఆమె తల ఒళ్ళోకి తీసుకుని, ఇంకొంచెం పంచదార వేలికద్దుకుంది. గురువమ్మ నోరు తెరవలేదు.